అమ్మ చేతులు కారం

పొద్దు వాలుతోంది. పెదనందిపాడు దాపున ఒక ఊరు. వీధి మొదట్లో ఆటో ఆగిన చప్పుడు వినబడగానే ఏడాదిన్నర పిల్లాడు గుప్పెట్లోని మరమరాలు నేలపాలు చేసి గడప వైపు ఉరికాడు. రెండడుగులకొకసారి చతికిలబడుతూ, లేస్తూ, కాళ్ల పట్టీలు ఘల్లుఘల్లుమంటుంటే వాకిట్లోకి వచ్చిపడ్డాడు. ఆటో దిగిన వాళ్లమ్మ వాణ్ణి చూసి ముఖమంతా నవ్వింది. నవ్వుతూనే రెండు చేతులూ తలపైకి ఎత్తేసింది.

'ఆగు నాన్నా, రామాకు. అమ్మ చేతులు కారం.'

పొద్దున వాడు నిద్ర లేవకముందే కాయ కోతకి వెళ్లిన మనిషి. ఇన్ని గంటల తర్వాత కనబడింది. వాడికి కావలసింది ఆమె చంక. అది అడుగు దూరంలో ఉంది, అందడం లేదు. వాడు గుక్క పట్టాడు. నాయనమ్మ వెనక నుంచి వచ్చి వాణ్ణి నడుం దగ్గర ఒడిసి పట్టుకుంది. 'ఏడిస్తే ఏడవనీలే అమ్మాయ్, నువ్వు నిదానంగా కడుక్కో. తొందరపడ్డావంటే నిన్నటి మాదిరే అవుద్ది.'

నిన్న ఏమైందో పిల్లాడి ఎడమ బుగ్గే చెబుతోంది. కంటి కింద చారలా ఎర్రగా కమిలి ఉంది.

పెరట్లో బావి గట్టు మీద ఆ తల్లి ముందు కొబ్బరినూనె పోసుకుంది. మోచేతుల దాకా పట్టించి, గోళ్ల సందుల్లోకి బొటనవేలితో నొక్కి నొక్కి రుద్దింది. తర్వాత సబ్బు. ఆ తర్వాత అత్తగారు చెంబులో ఉంచిన పుల్లమజ్జిగ. మళ్లీ సబ్బు. అంతా అయ్యాక, చీర కొంగు కూడా తాకకుండా చేతులు గాలికి ఆరనిచ్చి, కుడి చూపుడువేలు తన కింది పెదవి మీద పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. మంట లేదు. ఎడమ చేతి వేలు కూడా అలాగే పెట్టి చూసుకుంది. అప్పుడు వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంది. ఈ పని అంతటికీ పట్టింది ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలూ వాడు ఏడుస్తూనే ఉన్నాడు.

నేనూ ఈ నల్లరేగడి నేలలో పుట్టినవాణ్ణే. మా అమ్మ కూడా ఇలాగే పెదవి మీద వేలు పెట్టి చూసుకునేదన్న సంగతి ఆ బావి గట్టు దగ్గరే గుర్తొచ్చింది. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని అతి పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటని చెప్పుకుంటాం. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పుకుంటాం. తేజ రకం ధర ఎంత పలికింది, తాలుకాయకు ఎంత ఇచ్చారు, ఎన్ని వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగాయి అన్నవి రోజూ పేపర్లో చదువుతాం. ఆ కాయ కోసిన చెయ్యి సాయంత్రం ఇంటికి వెళ్లి పసిబిడ్డను ఎలా తాకుతుందో ఏ ధరల పట్టికలోనూ ఉండదు. నాకు ఆ చెయ్యి గురించే రాయాలనిపించింది.

నీళ్లకు లొంగని మంట

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఒట్టి నీళ్లతో కడిగితే పోకపోగా చెయ్యంతా పాకుతుంది. నూనె దాన్ని చర్మం మీది నుంచి లాగుతుంది, సబ్బు ఆ నూనెను పట్టుకుపోతుంది. పాలలో, మజ్జిగలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తు కూడా దాన్ని పట్టుకుంటుంది. బావి గట్టు మీద ఆ తల్లి చేసిన పని ఏ రసాయన శాస్త్ర పాఠానికీ తీసిపోదు. ఎవరు నేర్పారని అడిగితే 'ఎవరు నేర్పుతారండీ, మా అమ్మ చేసేది' అంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కారం తగిలినప్పుడు పిల్లలు 'కాలింది' అన్నట్టే ఏడుస్తారు. వాళ్ల ఒంటికి అది నిజంగా కాలినట్టే ఉంటుంది. నిప్పు తగిలితే మెదడుకు కబురు పంపే నరాల తలుపునే క్యాప్సైసిన్ కూడా తడుతుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ సంగతి పట్టుకున్నది మిరప ఘాటు సాయంతోనే. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. పెద్దవాళ్లకైతే ఇది నిప్పు కాదు, కాసేపట్లో తగ్గుతుందని తెలుసు. ఏడాదిన్నర వాడికి ఆ సంగతి ఎవరు చెప్పగలరు? వాడి లెక్కలో అమ్మ ముట్టుకుంది, ఒళ్లు కాలింది. అంతే.

కంట్లో పడితే మాత్రం నూనె జోలికి పోకూడదు. చనుబాలు పిండే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది, అదీ వద్దు. శుభ్రమైన నీళ్లను ధారగా పదిహేను నిమిషాలు పోస్తూ ఉండాలి. పిల్లాడు కళ్లు నలపకుండా చేతులు పట్టుకోవాలి. అప్పటికీ తెరవలేకపోతే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈ ఇళ్లలో నేను చూసినవాటిలో నా మనసులో నిలిచిపోయిన దృశ్యం ఒకటి ఉంది. పాలు తాగే ఎనిమిది నెలల పాపను ఒక నాయనమ్మ మధ్యాహ్నం పొలం గట్టుకి ఎత్తుకొచ్చింది. కోడలు చేనులోంచి వచ్చి చెట్టు మొదట్లో కూర్చుని చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. అత్తగారే ఆమె రవికె సర్ది, పాపను ఒడిలో ఉంచి, తల కింద చెయ్యి పెట్టి రొమ్ముకి అందించింది. పాప తాగుతూ చిన్న చెయ్యి చాచి వాళ్లమ్మ వేలు కోసం వెతుక్కుంది. దొరకలేదు. నాయనమ్మ తన వేలు ఇచ్చింది. పాప దాన్నే పట్టుకుని కళ్లు మూసుకుంది. కోడలు తల పక్కకు తిప్పుకుని చేను వైపు చూస్తూ కూర్చుంది.

నారు పోసేటప్పుడు పుట్టాడు

'ఎన్నో నెలమ్మా పిల్లాడికి?' అని అడిగితే ఇక్కడి నాయనమ్మలు నెల చెప్పరు, పంట చెబుతారు. 'మిరప నారు పోసేటప్పుడు పుట్టాడు. మొదటి కోతకి కూర్చున్నాడు. మళ్లీ పత్తి పూతకొచ్చేసరికి నడిచాడు.' లెక్క చూస్తే ఎక్కడా తేడా రాదు. శ్రావణానికి అటూ ఇటూగా నారు పోస్తారు, సంక్రాంతి దాటాక పండుకాయ కోత ఊపందుకుంటుంది. అంటే ఆరేడు నెలలు, పిల్లాడు కూర్చునే వయసు. అక్కణ్నుంచి మరుసటి ఏడు పత్తి పూత దాకా చూసుకుంటే పదమూడు, పద్నాలుగు నెలలు. ఏ పిల్లల డాక్టరు రాసే ఎదుగుదల పట్టికైనా ఇలాగే ఉంటుంది.

పంట లెక్కలోనే పిల్లల కష్టమూ ఉంది. పిల్లాడు పాకడం మొదలుపెట్టి, దేన్నైనా నోట్లో పెట్టుకుని చూసే రోజులూ ఇల్లంతా మిరపకాయ నిండే రోజులూ చాలా ఇళ్లలో ఒక్కసారే వస్తాయి. కల్లంలో పట్టాలు పరిచి ఎకరాలకొద్దీ ఎర్రగా ఆరబోస్తారు. గుంటూరు చుట్టుపక్కల ఆడవాళ్లు కూర్చుని కాయకు తొడిమ తీస్తుంటారు. పక్కనే గోనెపట్టా మీద పసివాళ్లు కూర్చుంటారు. ఎర్రగా, నున్నగా, గలగలమనే వస్తువు కళ్ల ముందు గుట్ట పోసి ఉంటే ఏ పసివాడు ఊరుకుంటాడు? అంతకంటే మంచి గిలక వాడికి ఎవరు కొనిచ్చారు గనక? ఒక్కసారి నోట్లో పెట్టుకున్నాక తెలిసొస్తుంది. ఈ ఇళ్లలో పిల్లల నోట అమ్మ, తాత, బువ్వ తర్వాత వచ్చే మాట 'కారం'. నాలుక తిరగక 'కాలం' అంటారు. ఎర్రటిది ఏది చూపించినా 'కాలం!' అని వెనక్కి తగ్గుతారు, టమోటా చూపించినా సరే.

పత్తి ఇంటికి వచ్చినప్పుడు మాత్రం పిల్లలకు పండగే. అమ్మకానికి బోరేలకెత్తే దాకా ముందుగది నిండా తెల్లగా గుట్ట. పర్చూరు, మార్టూరు పక్కన పెరిగిన ఎవరినైనా అడగండి, ఆ గుట్ట మీద దూకని బాల్యం ఉండదు. పడితే దెబ్బ తగలదు, దాక్కుంటే కనబడరు. ఆ కనబడకపోవడంతోనే నాకు భయం. ఏడాది నిండిన పిల్ల పత్తిలో ముఖం పెట్టి పడుకుంటే ఊపిరాడదు. గింజ తీయని పత్తి కాబట్టి ముక్కులోకో చెవిలోకో గింజ దూర్చుకోవచ్చు. ఆ గదికి తలుపు గడియ పైన ఉండాలి, పిల్లలు గుట్టెక్కితే పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి.

పట్టీలు ఎందుకు పెడతారంటే అందం కోసమని అనుకుంటాం. పనులున్న ఇంట్లో వాటి అసలు ఉపయోగం వేరు. పొయ్యి దగ్గర ఉన్న నాయనమ్మకి వాడు ఎక్కడున్నాడో ఆ మువ్వలే చెబుతాయి. వరండాలో ఒక రకం చప్పుడు, మట్టి వాకిట్లో ఒక రకం. 'మోగుతున్నంతసేపు బాధ లేదు నాయనా, మోగడం ఆగిపోతేనే లేచి పరిగెత్తాలి' అందొకావిడ. అలా ఆగిపోయిన ఒక మధ్యాహ్నం ఆమె పరిగెత్తి వెళ్లి చూస్తే, మనవడు పశువుల నీళ్లతొట్టి అంచు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడట. ఆ రోజు నుంచి తొట్టి మీద రేకు మూత వచ్చింది.

మండి చెప్పనిది

తండ్రి చేతుల గురించీ చెప్పాలి. చేనుకి పురుగుమందు కొట్టి వచ్చిన నాడు ఆ చేతులూ పిల్లాణ్ణి తాకకూడనివే. మిరప ఘాటు మండి హెచ్చరిస్తుంది. పురుగుమందు ఏమీ చెప్పదు. చొక్కాకు అంటి, మీసాలకు అంటి ఇంట్లోకి వస్తుంది. తండ్రి గుమ్మంలో కనబడగానే పిల్ల వచ్చి కాళ్లు చుట్టేసుకుంటుంది, లుంగీ నోట్లో పెట్టుకుంటుంది. మందు కొట్టిన బట్టలు బయటే విప్పి, స్నానం చేసి, అప్పుడు బిడ్డను ఎత్తుకునే తండ్రులు ఈ మధ్య పెరిగారు. చూసినప్పుడల్లా నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

2021లో నల్ల తామరపురుగు మిరప చేలను ఊడ్చేసింది. పూతలోకి దూరి పూతనే రాల్చేసిన ఆ పురుగుని ఆపడానికి రైతు దొరికిన మందల్లా కొట్టాడు. వాడగా మిగిలిన డబ్బాలు ఇళ్లలో చేరాయి. మంచం కింద, బియ్యం డ్రమ్ము పక్కన, బాత్రూం కిటికీలో. మందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా రెండేళ్ల పిల్ల ఒంటికి విషమే. డబ్బా అటక మీదైనా కాదు, ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఖాళీ అయిన సీసాలో కిరసనాయిలో మంచినీళ్లో పోసి ఉంచడం, కూల్‌డ్రింకు సీసాలోకి మందు వంచుకుని తేవడం, ఈ రెండూ ఇవాళే మానేయాలి. ఒకవేళ పిల్ల మింగిందనిపిస్తే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా కూడా చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరుకి మీ మాట కంటే డబ్బాకి అంటించిన చీటీ మీద రాసిన పేరు ముఖ్యం.

వేపచెట్టుకు ఊయల

ఇప్పటిదాకా చెప్పింది నాయనమ్మ ఉన్న ఇంటి సంగతి. నాయనమ్మ కూడా కోతకే వెళ్లే ఇళ్లు, అసలు ఇల్లే వెంట లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

డిసెంబరు దాటితే కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, కౌతాళం, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు కాయ కోతకు గుంటూరు, పల్నాడు వస్తాయి. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. 'సుగ్గికి పోతాన్నాం' అంటే ఇంటికి తాళం వేసి, బియ్యం మూటా వంటగిన్నెలూ పిల్లలూ అందరూ బయల్దేరారని అర్థం. చేను పక్కనే పట్టాలతో గుడిసెలు వేసుకుంటారు. బడి ఈడు పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది. చంటిపిల్లలను ఏ హాస్టల్లో ఉంచుతారు? వాళ్లు అమ్మ వెంట రావలసిందే.

అలా వచ్చిన పసివాళ్లకు ఇల్లు వేపచెట్టు. కొమ్మకు పాత చీర ఊయల కడతారు. ఊపేందుకు ఊయలకు కట్టిన తాడు కొస ఏడెనిమిదేళ్ల అక్క చేతిలో ఉంటుంది. అందుకోసమే ఆ అక్క బడి మాని వచ్చింది. పాప నిద్రపోతే ఆమె కాయలు ఏరుతుంది, లేస్తే చంకనేసుకుని చేను గట్ల మీద తిప్పుతుంది. బరువుకు నడుం ఒక పక్కకు ఒరుగుతుంది. నేను చూసిన పిల్ల పాపకు బువ్వ పెట్టేముందు తన చేతులు ఇసుకతో రుద్దుకుని, తర్వాత నూనె రాసుకుని, చూపుడువేలు పెదవి మీద పెట్టి చూసుకుంది. ఏడెనిమిదేళ్లకే ఆ పరీక్ష వచ్చేసింది.

మన దేశంలో పిల్లల సంరక్షణ గురించి చట్టాలు లేకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. 1951 నాటి తోటల కార్మికుల చట్టం టీ, కాఫీ తోటల్లోనూ పిల్లల గది ఉండాలంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పని జరిగే చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకు మించో వస్తే వాళ్లను చూడటానికి కూలీల్లోంచే ఒక మహిళను పెట్టాలంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి చేశారు. ఫ్యాక్టరీ ఉంది, తోట ఉంది, ఆఫీసు ఉంది, చెరువు పూడికతీత ఉంది. మిరప చేను లేదు. ఒకే చేలో నలభై మంది ఆడకూలీలు వంగి కాయ కోస్తున్నా ఆ వేపచెట్టు కింద పిల్లలు ఎవరి లెక్కలోకీ రారు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం మన పల్లెలకు చేసిన మేలు చిన్నది కాదు. మూడేళ్లు నిండిన పిల్లలు కేంద్రానికి వెళతారు, వేడి అన్నం తింటారు. మూడేళ్ల లోపు వాళ్లకు ఇంటికే బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. ప్యాకెట్ ఇంటికి వస్తుంది సరే, దాన్ని కలిపి తినిపించే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేనులో ఉంది. సుగ్గికి వచ్చిన తల్లికైతే ప్యాకెట్ సొంత ఊళ్లో ఉండిపోతుంది. వేరే ఊరికి పేరు మార్పించుకునే వీలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఉందని ఆమెకి చెప్పేవాళ్లుండాలి.

దారి లేక కాదు. 1969లో ఢిల్లీలో కట్టుబడి కూలీల పిల్లలు ఇసుక గుట్టల పక్కన పడి ఉండటం చూసి మీరా మహదేవన్ అక్కడే ఒక గుడారం వేయించి మొదలుపెట్టిన పని 'మొబైల్ క్రెషెస్' సంస్థ అయింది. కూలి ఎక్కడికి కదిలితే ఊయల అక్కడికి కదులుతుంది. మన పక్కనే కర్ణాటక 2023లో 'కూసిన మనె' పేరుతో, అంటే పసిపాప ఇల్లు అని, ఉపాధి కూలీల పిల్లల కోసం 4,000 గ్రామ పంచాయతీల్లో కేంద్రాలు తలపెట్టింది. ఆదోని దాటితే కర్ణాటకే. సుగ్గికి వచ్చే తల్లుల ఊళ్లకు అది కూతవేటు దూరం.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. కోతల నాలుగు నెలలు, ఊరికొక గది, కాకపోతే బడి వరండా. ఘాటు తగలని చోటు. కాయ ముట్టని చేతులున్న ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లకు కోత కూలికి తక్కువ కాని జీతం. ఒక్కొక్క టిక్కీ 40 కిలోల పైనే తూగుతుంది. యార్డులో ప్రతి టిక్కీ మీదా రకరకాల రుసుములు లెక్కవేసి తీసుకుంటున్నాం. ఆ లెక్కలో ఒక పసివాడి ఊయల పట్టదా?

కడిగిన ముక్క

దిష్టి తీయడం చూశారుగా. పిల్లాడు పాలు తాగకుండా మారాం చేసినా, ఉట్టినే ఏడ్చినా, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పెట్లో పట్టి వాడి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు. ఏ పంట చేతికి అంటి తల్లీబిడ్డలను గంటలకొద్దీ విడదీసిందో, బిడ్డను కాపాడమని అదే పంటను అడుగుతారు. కోటప్పకొండ తిరునాళ్లు కూడా కోతల మధ్యలోనే వస్తాయి. శివరాత్రికి ఒక్క రోజు పని ఆపి, పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకుని, రాత్రి ప్రభల వెలుగులో పిల్లాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని తిప్పుతారు. ఆ ఒక్క రాత్రి చేతులు చల్లగా ఉంటాయి.

ఎంత మండినా ఈ నేల పిల్లలు కారం తినడం మానరు, మెల్లిమెల్లిగా దగ్గరవుతారు. మెక్సికో పల్లెల్లో పిల్లలు కారం ఎలా అలవాటు చేసుకుంటారో చూసిన మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ 1980లో రాసింది మన నాయనమ్మలకు కొత్త కాదు. ఎవరూ బలవంతం పెట్టరు. పెద్దవాళ్లు ఇష్టంగా తింటుంటే చూసి పిల్లలే చెయ్యి చాస్తారు. ముందు పప్పూ నెయ్యీ కలిపిన మెత్తటి ముద్ద, తర్వాత చారన్నం, ఆ తర్వాత ఒక రోజు ఆవకాయ.

మే నెల. యార్డుకు వేసవి సెలవులిచ్చారు. సుగ్గి కుటుంబాలు గుడిసెలు విప్పుకుని వెళ్లిపోయాయి. పెదనందిపాడు దాపు ఊళ్లో ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను. కొత్తావకాయ కలిపి మూడో రోజు. ఆ తల్లి చేతుల మీద చర్మం పొరలుగా లేచి, కింద కొత్త చర్మం లేత గులాబీ రంగులో కనబడుతోంది. పిల్లాడు ఆమె ఒళ్లోనే ఉన్నాడు. దిగమన్నా దిగడం లేదు, ఆమె బొటనవేలు గుప్పెట్లో బిగించి పట్టుకున్నాడు. పళ్లెం వైపు చూపించి 'కాలం' అన్నాడు. 'కారమే. కావాలా?' అంది. తల ఊపాడు. ఆమె ఒక ముక్క తీసి, గ్లాసు నీళ్లలో ముంచి ఎర్రదనమంతా పోయేదాకా కడిగింది. కొసన ఒక్క చుక్క నూనె మాత్రం అంటనిచ్చి వాడి నోటికి అందించింది.

వాడు చప్పరించాడు. కళ్లు పెద్దవయ్యాయి. ముక్కు చిట్లించాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాయనమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉంది. వాడు దాన్ని తోసేసి, అమ్మ వేలు పట్టుకుని మళ్లీ పళ్లెం వైపు లాగాడు.